కొత్త ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ గుండె దడ, నిద్రలేమి.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. రెండు నెలల కిందట కొత్త ఉద్యోగంలో చేరాను. పాత చోట పనిమంతురాలినన్న పేరుండేది. ఇక్కడ చిన్న మెయిల్ పంపాలన్నా నాలుగైదుసార్లు చదువుకుంటున్నాను. పై అధికారి పిలిస్తే చాలు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. రాత్రి 11 దాకా పని చేసి పడుకున్నా 2 గంటల వరకు నిద్ర పట్టదు. పగలు మత్తుగా ఉంటుందని ఐదారు కప్పుల కాఫీ తాగుతున్నాను. మూడు కిలోల బరువు తగ్గాను. ఆందోళనకు స్నేహితురాలు వాడే మాత్రను రెండుసార్లు వేసుకుంటే హాయిగా అనిపించింది. దాన్ని కొనసాగించవచ్చా? ప్రొబేషన్ ఆరు నెలలు. నెగ్గుకు రాగలనా?

జవాబు: ముందుగా మాత్ర సంగతి. దాన్ని ఇక వేసుకోవద్దు. మీరు పేరు రాయలేదు గానీ, వేసుకున్న వెంటనే హాయినిచ్చే ఆందోళన మాత్రలు ఎక్కువగా ఆల్ప్రజోలామ్ తరహావి. రోజూ వాడితే కొద్ది వారాల్లోనే శరీరం అలవాటు పడుతుంది. పాత మోతాదు చాలదు, ఉన్నట్టుండి మానేస్తే ఆందోళన రెట్టింపవుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మీ విషయంలో మరో ఇబ్బంది ఉంది. ఈ మందులు కొత్త విషయాలు జ్ఞాపకంలో నిలవకుండా అడ్డుపడతాయి. పని నేర్చుకుంటున్న మనిషికి అంతకంటే నష్టం ఏముంటుంది? రెండుసార్లు వేసుకున్నంత మాత్రాన భయపడాల్సిందేమీ లేదు, అక్కడితో ఆపేయండి.

ఇక బరువు తగ్గడం, దడ, వణుకు. ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు నెపాన్ని ఉద్యోగం మీదికి నెట్టేయకూడదు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా అచ్చం ఇలాగే ఉంటుంది. వేడి తట్టుకోలేకపోవడం, చెమటలు, తరచూ విరేచనాలు కూడా ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే రక్తహీనత వల్లా దడ వస్తుంది. కాబట్టి దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలిసి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలేమైనా వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. అవి థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేసి, లేని జబ్బును ఉన్నట్టు చూపించగలవు. అందుకే పరీక్షకు రెండు రోజుల ముందే ఆపమంటాం.

ఫలితాలన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు నా మొదటి అనుమానం కాఫీ మీదే. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంటారు. చిక్కని కాఫీ ఐదారు కప్పులైతే ఆ గీత దాటడం కష్టమేమీ కాదు. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి తాగినది రాత్రి 11కి కూడా సగం మీలోనే ఉంటుందన్నమాట. నిద్ర చాలక కాఫీ, కాఫీ వల్ల నిద్ర కరవు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది, అందుకని రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. మధ్యాహ్నం తర్వాత అసలు వద్దు.

నిద్ర విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే. పెద్దలకు కనీసం 7 గంటలు కావాలి. పని కోసం నిద్రను కోస్తే, నిన్న నేర్చుకున్నదే ఇవాళ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది. పడుకోవడానికి గంట ముందే పని కట్టిపెట్టండి. మర్నాడు చేయాల్సినవి కాగితం మీద రాసేయండి. ఇరవై నిమిషాలైనా కునుకు పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే పక్క మీదికి వెళ్లండి. ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మాత్రం మార్చవద్దు.

పాత చోట చురుగ్గా ఉన్న మీరు ఇక్కడ తడబడటం తెలివి తగ్గినందువల్ల కాదు. అక్కడ సగం పనులు ఆలోచించకుండానే జరిగిపోయేవి. ఇక్కడ ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరిని ఏది అడగాలో కూడా ఆలోచించాల్సిందే. మెదడు ఒకేసారి మనసులో నిలుపుకోగలిగేది నాలుగైదు విషయాలే. సాయంత్రానికి అలసిపోవడం అందుకే. తమకు లేని గొప్పతనమేదో అంటగట్టారని, ఎప్పుడో బయటపడిపోతామని సమర్థులే భయపడటాన్ని పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లోనే వివరించారు. వాళ్లు గమనించింది బాగా రాణించిన మహిళలనే. ఇది జబ్బు కాదు.

అయితే ఈ భయాన్ని పెంచి పోషించేది ఒకటుంది: తప్పించుకోవడం. తెలియనిది అడగకుండా దాటేస్తే ఆ క్షణానికి ఊరటే, మర్నాడు అదే ప్రశ్న మరింత బరువెక్కుతుంది. మెయిల్‌ను ఐదుసార్లు చదవడమూ ఇలాంటిదే. అంతగా ప్రాధాన్యం లేని మెయిళ్లతో మొదలుపెట్టి, ఒక్కసారి చదివి పంపేయండి. కొంపలేవీ మునగవని మెదడు చూసి తెలుసుకోవాలి, చెబితే వినదు. ఇంకొకటి, ఇది మందుల చీటీలో రాసేది కాకపోయినా చెబుతాను: పై అధికారి పిలిచేదాకా ఆగకుండా ఈ వారమే మీరే వెళ్లి, ఆరు నెలలు ముగిసేనాటికి నా నుంచి ఏం ఆశిస్తున్నారని అడగండి. జవాబు రాసుకోండి. రెండు నెలల కొత్త ఉద్యోగి అడిగితే ఎవరూ వింతగా చూడరు, ఐదో నెలలో అడగడమే ఇబ్బంది.

మూడు నాలుగు వారాల్లో మార్పు లేకపోయినా, ఉద్యోగానికి వెళ్లాలంటేనే ఏడుపొస్తున్నా మానసిక వైద్యులను కలవండి. సీబీటీ అనే చికిత్స (ఆలోచనా తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) ఇలాంటి ఆందోళనకు బాగా పనిచేస్తుంది. అవసరమైతే అలవాటుగా మారని మందులూ ఉన్నాయి, కాకపోతే వాటి ప్రభావం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రాత్రి 11 దాకా పని మీ అంతట మీరే చేస్తున్నారా, సంస్థ చేయిస్తోందా అన్నది రాయలేదు. మీరే అయితే పైన చెప్పినవి చాలు. వారానికి 55 గంటలు, అంతకుమించి పని చేసేవారిలో పక్షవాతం, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. సంస్థే అలా చేయిస్తుంటే, మీరు నెగ్గుకు రాగలరా అన్నదానికంటే ముందు, ఆ ఉద్యోగంలో ఉండాలా వద్దా అన్నది ఆలోచించుకోండి.