రూమ్మేట్‌కి ఏ1సీ 5.9, టోర్టియాలు మానెయ్యాలా?

ఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.9 వచ్చిందని టోర్టియాలు (మెక్సికన్ రొట్టెలు), బీన్స్ (రాజ్మా లాంటి గింజలు) మానెయ్యమని అమెరికాలో మీతో ఉండే మెక్సికన్ రూమ్మేట్‌కి ఎవరు చెప్పారో గానీ, అసలు దొంగని వదిలేశారండీ. 5.9 అంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు మెట్టు (5.7 నుంచి 6.4 దాకా అదే), షుగర్ లెక్క 6.5 నుంచి. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, వాళ్లమ్మగారికి షుగర్ ఉందంటున్నారు, పైగా అమెరికాలో లాటినోలకు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లకు) జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం సగానికి పైనే అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది.

ముందు తాగేవి చూడండి. రోజూ రెండు కోక్‌లు అన్నారు కదా, 355 మి.లీ. క్యాన్‌లో 39 గ్రాముల చక్కెర, దాదాపు పది చెంచాలు, అంటే రెండింటికి ఇరవై! ఓర్చాటా అనే వాళ్ల పానీయం కూడా నానబెట్టిన బియ్యం రుబ్బి దాల్చినచెక్క, చక్కెర కలిపేదే. ఇంటి తిండి జోలికి పోవద్దు: ఉడికించిన బీన్స్, నొపాలెస్ (మన నాగజెముడు మట్టలే, నిజంగా కూరలా వండుకుంటారు), చిన్న మొక్కజొన్న టోర్టియాలు రెండు హాయిగా తినొచ్చు. పగలంతా ఏమీ తినకుండా క్లాసులకు తిరిగి, రాత్రి పదకొండుకి పెద్ద మైదా టోర్టియాలో అన్నం కుక్కి చుట్టిన బరిటో లాగించడం దగ్గరే తంటా అంతా.

2002లో వచ్చిన డీపీపీ అనే అమెరికా షుగర్ నివారణ అధ్యయనంలో వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మూడు నెలలాగి మళ్లీ ఏ1సీ చేయించమనండి.

అన్నట్టు మీరూ చేయించుకోండి, మన ఆసియావాళ్లకి అక్కడ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 ఉండి, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండటం లాంటి ముప్పు ఒక్కటున్నా టెస్ట్ చేయమంటారు.