డంపింగ్ యార్డుకు వెళ్తున్న అమ్మాయి, దిగులు పడుతున్న నాన్న

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ల ప్రొఫెసరు గారు మా నగరపాలక సంస్థ వేసిన సలహా కమిటీలో సభ్యులు. గాలి కాలుష్యం, చెత్త రీసైక్లింగ్ ఆ కమిటీ చూసే విషయాలు. ఆయనకు సాయంగా అమ్మాయి ఆరు నెలలుగా సమావేశాలకు, డంపింగ్ యార్డుకు, చెత్త వేరుచేసే షెడ్లకు తిరుగుతోంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాంపస్ ఎంపికలకు కూర్చోనంటోంది. పర్యావరణ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. చేసి ఇలాంటి కమిటీల్లోనే పనిచేస్తానంటోంది. అసలు ఇందులో ఉద్యోగాలు ఉన్నాయా? ఉంటే ఏం చదవాలి? రేపు సంబంధాల వాళ్లు అడిగితే చెత్త గురించి చదువుతోందని చెప్పాలా?
ఒక తండ్రి, ఆంధ్రప్రదేశ్

జవాబు: ఊరి పేరు వేయవద్దన్నారు, వేయను. వేసినా పెద్ద తేడా ఉండదు లెండి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఒక్క ఆంధ్రప్రదేశ్ నుంచే 13 ఊళ్లున్నాయి. విశాఖ, విజయవాడ ఉంటాయని అందరూ ఊహిస్తారు. శ్రీకాకుళం, ఒంగోలు, కడప, అనంతపురం కూడా ఉన్నాయంటే చాలామంది నమ్మరు. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, సంగారెడ్డి, పటాన్‌చెరు. దేశం మొత్తం మీద 131 నగరాలు. ప్రతి చోటా ఒక కార్యాచరణ ప్రణాళిక ఉంటుంది, దాన్ని చూసుకునే కమిటీ ఉంటుంది. మీ అమ్మాయి వెళ్తున్నది అలాంటి గదిలోకే.

మీ ఇద్దరిలో ముందు ఆమెకు నచ్చని మాట చెబుతాను. కమిటీ ఉద్యోగం కాదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరికీ జీతం వేరే చోటినుంచి వస్తుంది. ప్రొఫెసరు గారికి కాలేజీ ఇస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరుకు మండలి ఇస్తుంది, రవాణా శాఖ అధికారికి ఆ శాఖ ఇస్తుంది. సలహా చెప్పడం వరకే వారి పని. సంతకం కమిషనర్‌ది, డబ్బు కేంద్రానిదో ఆర్థిక సంఘానిదో, పని టెండరు దక్కించుకున్న కాంట్రాక్టరుది. కాబట్టి "కమిటీల్లో పనిచేస్తాను" అనే కోరికను ఆమె కాస్త తిప్పి చెప్పుకోవాలి: పదేళ్ల తరువాత తనను ఏ కమిటీ అయినా పిలవాలంటే, ఈ పదేళ్లలో ఏ పనిలో చేయి తిరగాలి?

అలా చేయి తిరిగినవాళ్లు ఎంత దూరం వెళ్లగలరో చెప్పడానికి ఒకరి పేరు చెబుతాను. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇంజినీరింగ్ చదివిన ఆల్మిత్రా పటేల్ అనే ఆవిడ, నగరాలు చెత్తను ఊరి బయట కుమ్మరించి చేతులు దులుపుకోవడంపై 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆమె ప్రభుత్వోద్యోగి కాదు. కోర్టు నిపుణుల కమిటీని వేసింది, అందులో ఆమెనూ కూర్చోబెట్టింది. ఆ నివేదిక తరువాతే 2000 సంవత్సరంలో దేశంలో తొలిసారి మున్సిపల్ చెత్తకు నిబంధనలు వచ్చాయి. ఆ వ్యాజ్యమే తరువాత పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని 2016 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు ఆ కేసులోదే. చెత్త కోసం వేసిన కేసు చివరికి గాలి దగ్గర తేలింది చూశారా? మీ ఊరి కమిటీ ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టుకోవడంలో అర్థం ఉంది.

ఇక ఉద్యోగాలు. సందు చివర తెల్లవారుజామున ఆకులూ కవర్లూ కలిపి ఎవరో అంటించిన కుప్పను ఊహించుకోండి. ఎందుకు తగలబెట్టారు? ఆటో రాలేదు కనుక. లేదా వచ్చినా తడి, పొడి కలిసిపోయి ఉంది కనుక. అన్నం, సాంబారు అంటిన ప్లాస్టిక్‌ను పాత సామాన్ల కొట్టువాడు తాకడు. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడిదే. అది వేరు కాకపోతే కంపోస్టులో గాజు పెంకులు వస్తాయి, మంట పెట్టే ప్లాంటులో నీళ్లు వస్తాయి, రెండూ పనికిరావు. ఈ ఒక్క కుప్ప వెనక నాలుగైదు రకాల ఇంజినీర్ల కొలువులు దాగి ఉన్నాయి.

మొదటిది కొలిచేవాళ్లది. ఊళ్లో గాలి ఎంత చెడిందో రెండు విధాలుగా కొలుస్తారు. వారానికి రెండు రోజుల లెక్కన ఏడాదికి 104 రోజులు వడపోత కాగితం మీద ధూళి పట్టి తూచే పాత పద్ధతి ఒకటి. గంట గంటకూ లెక్క పంపే యంత్రాల స్టేషన్లు మరొకటి. యంత్రం పెట్టగానే అయిపోదు, దాన్ని సరిచూస్తూ ఉండాలి, అది చెప్పే అంకె నిజమో కాదో పసిగట్టాలి. ప్రైవేటు పరీక్షా ప్రయోగశాలలు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు ఇలాంటివారిని తీసుకుంటాయి. వీటి పైమెట్టులో ఏ ధూళి ఎక్కడినుంచి వచ్చిందో తేల్చే అధ్యయనాలుంటాయి. అవి చేసేది ఐ.ఐ.టి.లు, 'నీరి' (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వంటి సంస్థలు. నాగపూర్‌లో ఉన్న 'నీరి'కి హైదరాబాద్‌లోనూ ఒక కేంద్రం ఉంది.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి ఆ గదిలో కూర్చున్నప్పుడు ఇది కళ్లముందే జరుగుతూ ఉంటుంది. మొదట చెప్పిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో నగరాల పనితీరుకు మార్కులు వేస్తూ వచ్చింది పీఎం10తో, అంటే ముతక ధూళితో. దాంతో డబ్బు ఎటు పోతుంది? రోడ్లు ఊడ్చే యంత్రాలకు, నీళ్లు చిమ్మే ట్యాంకర్లకు, రోడ్ల అంచులు సిమెంటు చేయడానికి. అవి అక్కరలేదని అనను. కానీ ఊపిరితిత్తుల లోతుకు దిగేది పీఎం2.5, అంటే సన్న ధూళి. తగలబెట్టిన చెత్త, డీజిల్ బండ్లు, పొగగొట్టాలు ఎక్కువగా వదిలేది దాన్నే. మన దేశంలో దానికి ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. "ఆ ట్యాంకరు కొన్నాక పీఎం2.5 ఎంత తగ్గింది?" అని మర్యాదగా, అంకెలతో అడగగలిగినవారు ప్రతి నగరానికీ కావాలి. అలాంటివారు చాలా తక్కువ. కన్సల్టెన్సీలు మున్సిపాలిటీల్లో నడిపే ప్రాజెక్టు విభాగాల్లో ఈ నైపుణ్యం ఉన్నవారికి చోటు దొరుకుతుంది. కాకపోతే అవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులు, ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. ఈ సంగతి దాచను.

రెండో చోటు చాలామందికి తట్టదు: సిమెంటు ఫ్యాక్టరీ. రీసైక్లింగ్‌కు పనికిరాని చిప్స్ ప్యాకెట్లు, చిరుగు బట్టలు, చెప్పుల ముక్కలు ఆరబెట్టి తరిగితే ఆర్.డి.ఎఫ్. అనే ఇంధనం అవుతుంది. అది తయారయ్యే ప్లాంటుకు 100 కిలోమీటర్ల లోపు ఇంధనం వాడే పరిశ్రమలు, తమ ఇంధనంలో కనీసం 5 శాతం దీనితో భర్తీ చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. కడప, పల్నాడు, నంద్యాల, సూర్యాపేట వైపు సిమెంటు బట్టీలకు కొదవ లేదు. చెత్తలో పీవీసీ అనే ప్లాస్టిక్ ఎక్కువైతే క్లోరిన్ వచ్చి బట్టీ లోపల పేరుకుంటుంది, తేమ ఎక్కువైతే మంట నిలవదు. అందుకని వచ్చిన ప్రతి లారీని పరీక్షించే ఇంజినీర్లు ఉంటారు. నా దగ్గర సలహా తీసుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు అలాంటి విభాగంలో ఉన్నాడు. వాళ్ల నాన్నగారు కూడా మొదట్లో మీలాగే ఉత్తరం రాశారు.

మూడోది కంపెనీల లోపలే ఉంది. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే సంస్థలు, ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసేవారు తాము మార్కెట్లోకి వదిలినదాన్ని తిరిగి రీసైకిల్ చేయించే బాధ్యత మోయాలి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. రీసైకిల్ చేసినట్టు సర్టిఫికెట్లు కొనుక్కునే పద్ధతి వచ్చాక, ప్లాస్టిక్ విషయంలో నకిలీవి కూడా బయటపడ్డాయి. దాంతో లెక్కలు సరిచూసే ఆడిటర్లకు గిరాకీ వచ్చింది. కాగితాల పనే, కానీ ఫ్యాక్టరీకి వెళ్లి కుప్పను చూసి "ఇది నెలకు వంద టన్నులు చేసే యంత్రం కాదు" అని చెప్పగలిగే కన్ను ఉండాలి. ఆ కన్ను మీ అమ్మాయికి ఇప్పుడు షెడ్లలో ఉచితంగా వస్తోంది.

ప్రభుత్వ కొలువు సంగతి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో 'సైంటిస్ట్ బి' పోస్టుకు మూల వేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. రాష్ట్ర మండలుల్లో సహాయ పర్యావరణ ఇంజినీరు పోస్టులుంటాయి. నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో దేవుడికెరుక. వస్తే రాయాలి, వాటి కోసమే ఇంట్లో కూర్చోకూడదు.

చదువు విషయంలో ఆమె తీసుకున్న దారి సరైనదే. బి.టెక్. సివిల్‌లోనే ఉండటం మంచిదైంది. ఇంటర్ కాగానే "పర్యావరణం" అనే పేరు చూసి ఏదో ఒక డిగ్రీలో చేరే పిల్లలకు నేను వద్దనే చెబుతాను. కంపెనీలు, మండలులు అడిగేది సివిల్, కెమికల్ వంటి గట్టి పునాదినే, పర్యావరణం దానిపైన కట్టుకునే అంతస్తు. ఎం.టెక్. ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్‌కు ప్రత్యేక పేపరు ఉంది. ఆమెకు సివిల్ పేపరే తేలిక కావచ్చు, నియమాలకు లోబడి రెండూ రాసుకోవచ్చు. మూడో సంవత్సరం విద్యార్థులూ అర్హులే. సాధారణంగా దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో, పరీక్ష ఫిబ్రవరిలో. ఐ.ఐ.టి. హైదరాబాద్, ఐ.ఐ.టి. మద్రాస్ లాంటి చోట్ల ఎం.టెక్. దొరికితే చేరడమే. ఏదో ఒక సీటు కోసం మాత్రం పేరు వినని కాలేజీలో రెండేళ్లు, మీ పొదుపు పోగొట్టుకోవద్దు. దానికన్నా ఒకటి రెండేళ్లు పనిచేసి మళ్లీ గేట్ రాయడం మేలు.

ఈలోగా ఆమె చేయాల్సిన పని ఒకటి చెబుతాను. కేంద్ర మండలి వెబ్‌సైటులో స్టేషన్ల లెక్కలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. దగ్గర్లోని ఒక స్టేషనును ఎంచుకుని ఏడాది అంకెలు దింపుకోమనండి. జులై వానల వారం, దీపావళి రాత్రి, జనవరి తెల్లవారుజాము, ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి ఎందుకు తేడా వచ్చిందో తెలుగులో రెండు పేజీలు, ఇంగ్లీషులో రెండు పేజీలు రాయమనండి. స్టేషను పనిచేయని రోజులు, అనుమానం వచ్చే అంకెలు కూడా గుర్తించాలి. దీనికి పైథాన్ కొంచెం, మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కొంచెం నేర్చుకోవాల్సి వస్తుంది. ఇంటర్వ్యూలో పది ఆన్‌లైన్ సర్టిఫికెట్లకన్నా ఆ నాలుగు పేజీలకే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. ఇంకొకటి: నగరపాలక సంస్థ టెండరు పత్రం ఒకటి మొదటినుంచి చివరివరకూ చదవమనండి. విసుగు పుట్టించే పత్రమే. కానీ కాంట్రాక్టరుకు డబ్బు ఇచ్చేది ఎత్తిన టన్నుల లెక్కనా, వేరుచేసిన టన్నుల లెక్కనా అన్నది అందులోనే ఉంటుంది. ఎత్తిన టన్నుకే డబ్బు అయితే తడి పొడి కలిసి బరువు పెరగడమే కాంట్రాక్టరుకు లాభం. మరి ఊరంతా ఎన్ని పోస్టర్లు అంటించినా ఏం ప్రయోజనం?

యార్డుకు వెళ్లేటప్పుడు మందపాటి బూట్లు, ఎన్95 మాస్కు, ధనుర్వాతం టీకా తప్పనిసరి. ఒంటరిగా వెళ్లవద్దనండి. ఇది తండ్రిగా మీరు పట్టుపట్టవలసిన విషయం.

క్యాంపస్ ఎంపికల విషయంలో నేను మీ పక్షమే. కూర్చోమనండి. కూర్చోవడానికి, చేరడానికి మధ్య చాలా దూరం ఉంది. చేతిలో ఒక ఉద్యోగం ఉందన్న ధీమాతో రాసే గేట్ వేరు, అదొక్కటే దిక్కని రాసే గేట్ వేరు. ర్యాంకు వస్తే ఎం.టెక్.కు వెళ్తుంది, రాకపోతే ఏడాది ఉద్యోగం చేస్తూ మళ్లీ రాస్తుంది. అయితే ఒప్పందం రెండువైపులా ఉండాలి. ఆమె ఎంపికలకు కూర్చున్నందుకు బదులుగా, ర్యాంకు వచ్చిన రోజున "చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుంటావా?" అని మీరు అడ్డం తిరగకూడదు. మొదటి మూడు నాలుగేళ్లు జీతం స్నేహితురాళ్లకన్నా తక్కువే ఉంటుంది. ఆ సంగతి ఇప్పుడే ఇద్దరూ కూర్చుని అంకెలతో మాట్లాడుకోండి. మీ ఇంటి అప్పులు, చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్ల ఫీజులు కూడా ఆ మాటల్లోకి రావాలి. ఆమెకు అవి తెలియకుండా దాచి తరువాత నిష్ఠూరమాడవద్దు.

ఇక సంబంధాల వాళ్ల ప్రశ్న. సివిల్ ఇంజినీరింగ్ చదువుతోందని చెప్పండి, అది నిజమే కదా. "ఏం పని చేస్తుంది?" అని ఇంకా అడిగితే ఆమెనే పిలిచి చెప్పమనండి. మీ ఊరి గాలిలో ఏముందో, వాళ్ల ఊరి గాలిలో ఏముందో ఆమె చెప్పడం మొదలుపెడితే కాఫీలు చల్లారిపోతాయి. ఆ మాటలు ఆసక్తిగా వినని ఇంటికి మీరు పిల్లనిస్తారని నేను అనుకోను.