ఆరని ఎయిర్‌బ్యాగ్ దీపం, బద్ధకించే బెల్టు

ప్రశ్న: మా కారు కొని ఏడేళ్లయింది. పది రోజుల క్రితం లోపలంతా కడిగించినప్పుడు ముందు సీట్లను ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపారు. మర్నాటి నుంచి డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూనే ఉంది. సీటు కొంచెం కదిపితే ఒకటి రెండు సార్లు ఆరింది కానీ మళ్లీ వెలిగింది. చిన్న రెసిస్టర్ ఒకటి పెడితే దీపం ఆరిపోతుందని, పెద్దగా ఖర్చు కూడా ఉండదని మాకు తెలిసిన మెకానిక్ అంటున్నారు. ఆయన చెప్పినట్టు చేయించవచ్చా?

జవాబు: వద్దు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఈ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆ కాస్త వ్యవధిలోనే కంట్రోల్ యూనిట్ తనకు అనుసంధానమైన సెన్సర్లనూ, ఎయిర్‌బ్యాగులనూ, ప్రమాద సమయంలో బెల్టును బిగించి లాగే ప్రీటెన్షనర్లనూ పరీక్షించుకుంటుంది. ఏ ఒక్క చోట తేడా కనిపించినా దీపాన్ని ఆరనివ్వదు. చాలా కార్లలో ఆ లోపం తీరేదాకా కొన్ని ఎయిర్‌బ్యాగులు, ఒక్కోసారి అన్నీ, పనిచేయకపోవచ్చు. రెసిస్టర్ పెట్టడమంటే ఎయిర్‌బ్యాగ్ ఉండవలసిన చోట అంతే నిరోధం ఉన్న ముక్కను చూపించి, అంతా సవ్యంగా ఉందని కంట్రోల్ యూనిట్‌ను నమ్మించడమే. దీపం ఆరుతుంది, నిజమే. కానీ కారు దేనినైనా ఢీకొన్నప్పుడు బ్యాగును విప్పవలసిన విద్యుత్తు ఆ ముక్కలోకి పోతుంది, బ్యాగు మడతల్లోనే ఉండిపోతుంది.

మీ ఉత్తరంలోనే అసలు ఆచూకీ ఉంది: సీటు కదిపితే దీపం ఆరింది. సీటు పక్కన ఉండే ఎయిర్‌బ్యాగ్‌కూ, బకిల్‌కూ వెళ్లే వైర్లు సీటు కింది కనెక్టర్ల గుండానే పోతాయి. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు సాధారణంగా పసుపు రంగు కనెక్టరు గానీ తొడుగు గానీ ఉంటుంది. ఈ సర్క్యూట్ నిరోధం సుమారు 2 ఓమ్‌లే కాబట్టి, కనెక్టరు పిన్ను కాస్త వదులై గానీ, కడిగిన నీళ్లు చేరి పిన్నులకు చిలుము పట్టి గానీ మరో ఓమ్ రెండు ఓమ్‌లు పెరిగితే, కంట్రోల్ యూనిట్ దాన్ని లోపంగానే లెక్కిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ చెడిపోయిందని ఎవరైనా చెబితే, ముందు ఈ కనెక్టరును చూశారా అని అడగండి.

మీరు చేయగలిగినదీ కొంత ఉంది. టార్చి వేసి సీటు కింద చూడండి; జారిపడిన నీళ్ల సీసా, గొడుగు, పిల్లల బొమ్మ వంటివి వైర్లకు తగులుకుని ఉంటే మెల్లగా తీసేయండి. కనెక్టరును మాత్రం విప్పవద్దు. విప్పవలసి వస్తే ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసి, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాలి. బ్యాటరీ తీసేసినా కంట్రోల్ యూనిట్ లోపలి కెపాసిటర్లలో బ్యాగును విప్పేందుకు సరిపడా శక్తి కొంతసేపు నిలిచి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ వైపు పిన్నుల మధ్య మామూలు మల్టీమీటరుతో నిరోధం కొలవడం ఏమాత్రం చేయరాదు, ఎందుకంటే మీటరు పంపే చిన్న కరెంటుతోనే బ్యాగు పేలే ప్రమాదం ఉంది.

మెకానిక్ దగ్గర ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను చదవగల స్కానర్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంజిన్ కోడ్‌లు చూపే చౌక పరికరాల్లో చాలావాటికి ఇది కనిపించదు. స్కానర్‌లో వచ్చిన కోడ్‌ను, అంటే లోపం ఎక్కడుందో చెప్పే గుర్తును, కాగితం మీద రాయించుకుని, ఆ తరువాతే ఏ భాగం మార్చాలో మాట్లాడండి. కోడ్ స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్‌ను చూపిస్తూ, దానితోపాటు హారన్ గానీ స్టీరింగ్ మీది బటన్లు గానీ పనిచేయకపోతే, సీటును వదిలి క్లాక్ స్ప్రింగ్‌ను అనుమానించాలి. పేరుకు స్ప్రింగే అయినా, అది స్టీరింగ్‌తోపాటు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండే సన్నని రిబ్బన్ కేబుల్. స్టీరింగ్ ఊడదీసి బిగించినప్పుడు దాన్ని సరిగ్గా మధ్యకు తేకపోతే, ఏదో ఒక మలుపులో తెగిపోతుంది.

ప్రశ్న: డ్రైవర్ సీటు బెల్టు వెనక్కి చుట్టుకోవడంలో బాగా నెమ్మదించి, తలుపు సందులో ఇరుక్కుంటోంది. ఏటవాలులో కారు ఆపినప్పుడైతే లాగినా రాదు. రీలు మార్చాలా?

జవాబు: ఏటవాలులో బిగుసుకోవడం లోపం కాదు. కారు ఒరిగినా, బెల్టును ఒక్కసారిగా గుంజినా రీలు తాళం పడేలాగే తయారుచేస్తారు. నిదానంగా వదిలి, మళ్లీ మెల్లగా లాగితే వస్తుంది. నెమ్మదించడానికి మాత్రం చాలాసార్లు మురికే కారణం: భుజం దగ్గర బెల్టు జారే కమ్మీకి చెమట, దుమ్ము కలిసి జిగురులా అంటుకుంటాయి. బెల్టును పూర్తిగా బయటికి లాగి, వెనక్కి పోకుండా క్లిప్పు పెట్టి, ఘాటులేని సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో బెల్టునూ కమ్మీనీ తుడవండి; పూర్తిగా ఆరాకే లోపలికి వదలండి. నూనె, బ్లీచింగ్ వాడకూడదు. అంచులు పీచులు లేచినా, కోత పడినా కుట్టించుకునే ఆలోచన మాని కొత్త బెల్టు వేయించండి.

ప్రశ్న: బెల్టు పెట్టుకున్నా బెల్టు దీపం ఆరడం లేదు, శబ్దమూ ఆగడం లేదు.

జవాబు: బకిల్ లోపలి చిన్న స్విచ్‌ను చూడాలి. బెల్టు చివరి లోహపు నాలుకను బకిల్‌లో పెట్టి, కొద్దిగా అటూ ఇటూ కదిపినప్పుడు దీపం మిణుకుమంటే లోపం దానిదే. చిరుతిళ్ల పొడి, నాణెం, బియ్యపు గింజ లోపల పడి ఉండవచ్చు. గాలి ఊది చూడండి, కందెన మాత్రం పోయకండి. శబ్దం పోవడానికి బెల్టు లేని ఖాళీ నాలుకను బకిల్‌లో గుచ్చి తిరగడం మరింత చెడ్డ పని, ఎందుకంటే చాలా కార్లలో ఎయిర్‌బ్యాగును ఎప్పుడు, ఎంత బలంతో విప్పాలో నిర్ణయించేటప్పుడు బెల్టు పెట్టుకున్నారా లేదా అన్నదీ లెక్కలోకి వస్తుంది. స్విచ్ సాధారణంగా విడిగా దొరకదు, బకిల్ మొత్తం మార్చాలి. ప్రీటెన్షనర్ బకిల్‌కే బిగించి ఉంటే పైన చెప్పిన బ్యాటరీ జాగ్రత్త ఇక్కడా తప్పదు.