హితానో, హుదియాదా, మన చండాలం

సందేహం: మాస్టారూ, స్పానిష్ నేర్చుకుంటున్నా. స్పెయిన్‌లో జిప్సీలని హితానో అంటారు కదా, డిక్షనరీలో ఆ మాటకి మోసగాడు అని కూడా ఉంటే గొడవైందట. జనం వాడేదే కదా రాశారు, తప్పేంటి? మనం చండాలంగా ఉంది అనట్లేదా?

సమాధానం: గొడవ నిజమేనండి. స్పానిష్ రాయల్ అకాడమీ (ఆ భాషకి పెద్ద డిక్షనరీ వేసేది వీళ్ళే) డిక్షనరీ 2014 ఎడిషన్‌లో హితానోకి ఇచ్చిన అర్థాల్లో త్రపథేరో ఒకటి, అంటే మాయమాటలతో బోల్తా కొట్టించేవాడు. 2015 ఏప్రిల్ 8న, అంతర్జాతీయ రోమా దినం నాడు (రోమాలంటే జిప్సీలే), హితానో పిల్లలు డిక్షనరీ తీసి తమ గురించి ఏం రాసుందో చదివి మొహాలు చిన్నబుచ్చుకున్న వీడియో ఒకటి బయటికొచ్చింది, దాంతో అదే ఏడాది అకాడమీ ఆ అర్థం పక్కన ఇది కించపరిచే వాడుక అని నోట్ పెట్టింది, అర్థాన్ని మాత్రం తీసేయలేదు.

నన్నడిగితే అది సరైన పనే. పాత నవల చదివేవాడికి ఆ అర్థం కావాలి కదా. కానీ జనం వాడిందే రాశాం అంటే ఎవరండీ ఆ జనం? అనేవాళ్ళు వేరు, పడేవాళ్ళు వేరు, డిక్షనరీ అన్నాళ్ళూ అనేవాళ్ళ మాటే రాసుకుంది.

పోనీ మాటనే నిషేధిస్తే? అదీ అయింది. 1783లో మూడో కార్లోస్ రాజు హితానో అనే పేరే వాడొద్దని శాసనం చేశాడు (అందులోనే వాళ్ళ వేషం, భాష కూడా మానేయమన్నాడు లెండి). పేరూ పోలేదు, చెడ్డపేరూ పోలేదు.

అసలు తమాషా ప్రత్యయంలో ఉంది. స్పానిష్‌లో పేరు చివర ఆదా తగిలిస్తే అలాంటివాళ్ళు చేసే పని అనే అర్థం వస్తుంది. హుదియో అంటే యూదుడు, హుదియాదా అంటే ఎవరికైనా చేసిన ద్రోహం. అనేవాడి మనసులో యూదులే ఉండకపోవచ్చు, పక్కింటాయన చేసిన పని గురించి తిట్టుకుంటూ ఉంటాడంతే, కానీ పక్కన కూర్చుని వినే పిల్లాడికి జన్మలో ఒక్క యూదుణ్ణి చూడకుండానే వాళ్ళెలాంటివాళ్ళో తెలిసిపోయినట్టే.

మెక్సికోలో ఇందియో అనేది అక్కడి మూలవాసుల పేరు, మొరటోడా అనే తిట్టు కూడా. స్పానిష్‌లో భారతీయుడన్నా ఇందియోనే, అందుకే మనవాళ్ళు వెళ్తే ఆ మాట అనకుండా ముస్లిమైనా క్రిస్టియనైనా ఇందూ అనేస్తుంటారు, అంటే హిందూ అన్నమాట!

ఇక మీ చండాలం. అంటరానివాళ్ళని ఊరి బయటే ఉండమన్న ధర్మశాస్త్రాలు వాళ్ళకి పెట్టిన పేరది. ఇప్పుడు కూర మాడినా చండాలమే, సినిమా బాలేకపోయినా చండాలమే. హుదియాదా లెక్కే ఇదీనూ. బదులుగా దరిద్రంగా ఉంది అందామంటే అక్కడ పేదవాడు దొరికాడు. ఘోరంగా ఉంది, అసహ్యంగా ఉంది అనండి, కూర మాడితే మాడిందనే చెప్పండి.