కన్ను అదరడం ఆగాలంటే బొటాక్స్ ఇంజెక్షనా?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో మా దగ్గరే ఉంటోంది. రెండేళ్లుగా ఎడమ కన్ను అదురుతోంది. ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభమని మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. ఇప్పుడు అదే వైపు బుగ్గ, పెదవి చివర కూడా లాగుతున్నాయి. నరాల డాక్టర్‌ ఎంఆర్‌ఐ తీయించి, బొటాక్స్ ఇంజెక్షన్లు చేయించమన్నారు. అది ముడతలు పోవడానికి వాడేది కదా? పైగా విషమని అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారిది హెమీఫేషియల్ స్పాజం, అంటే ముఖంలో ఒకవైపు కండరాలు వాటంతటవే అదిరే సమస్య కావచ్చు. నిద్ర చాలక, అలసట వల్ల రెప్ప అదిరితే అది రెప్ప దాటి పోదు, కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. కంటి దగ్గర మొదలై నెలల తరబడి అదే వైపు కిందికి పాకిందంటే మాత్రం ముఖ కండరాలను నడిపించే నరం ఎక్కడో ఒత్తిడికి గురవుతోందని అనుమానించాలి. చాలామందిలో ఆ నరం మెదడు కాండం నుంచి బయటికి వచ్చేచోట ఒక రక్తనాళం దానిమీద ఒరుసుకుంటూ ఉంటుంది. అరుదుగా కణితి కూడా కారణం కావచ్చు కాబట్టి ముందే ఎంఆర్‌ఐ తీయించడం సరైన పని.

ఈ సమస్యకు మాత్రలు అంతగా పనిచేయవు. రక్తనాళాన్ని నరం నుంచి పక్కకు తప్పించే ఆపరేషన్ చాలామందికి శాశ్వత ఉపశమనం ఇస్తుంది గానీ, పుర్రె తెరిచి చేయాలి, ఆ వైపు వినికిడి దెబ్బతినే ముప్పు కొంత ఉంటుంది. అందుకే ఎక్కువ మందికి మొదట సూచించేది బొటులినమ్ టాక్సిన్ (బొటాక్స్) ఇంజెక్షనే.

ఇది ఒక బ్యాక్టీరియా తయారుచేసే విషమే, ఆ మాట నిజం. అయితే శుద్ధి చేసి, ప్రాణాపాయం కలిగించే మోతాదులో అతి చిన్న వంతు మాత్రమే ఎక్కిస్తారు. ముడతల కోసమే పుట్టిందనుకోవడం మాత్రం పొరపాటు. మెల్లకన్ను సరిచేయడానికి అమెరికా కంటి వైద్యుడు అలన్ స్కాట్ దీన్ని మొదట వాడారు. అక్కడ 1989లో మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే సమస్యకు అనుమతి వచ్చింది, ముడతలకు వచ్చింది 2002లో. మెడ ఒక పక్కకు తిరిగిపోయే డిస్టోనియాకు, పక్షవాతం తర్వాత బిగుసుకుపోయిన చేతికి, విపరీతంగా చంకలు చెమర్చేవారికి, మూత్రాన్ని ఆపుకోలేనివారికి, నెలలో 15 రోజులు లేదా అంతకు మించి తలనొప్పితో బాధపడే దీర్ఘకాలిక మైగ్రేన్ రోగులకు కూడా ఇస్తారు.

నరం చివర నుంచి కండరానికి ఆదేశం మోసుకెళ్లే ఎసిటైల్‌కోలిన్‌ను ఈ మందు విడుదల కానివ్వదు, దాంతో అదిరే కండరం మెత్తబడుతుంది. అమ్మగారిని కూర్చోబెట్టి, అతి సన్నని సూదితో కంటి చుట్టూ, బుగ్గమీద చర్మం కిందే కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పైరెప్ప మధ్య భాగాన్ని వదిలేస్తారు, ఎందుకంటే రెప్పను ఎత్తే కండరం అక్కడుంది. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మూడు నుంచి ఏడు రోజుల్లో గుణం కనబడుతుంది, మూడు నాలుగు నెలలకు మందు ప్రభావం తగ్గిపోతుంది. మళ్లీ చేయించాల్సి వస్తుంది గానీ దీనికి శరీరం అలవాటు పడి, మానేస్తే జబ్బు ముదరడం ఉండదు.

కొందరికి రెప్ప వాలడం, కన్ను పొడిబారడం, మూతి కాస్త వంకరగా ఉండటం జరుగుతుంది, మందు బలం తగ్గేకొద్దీ అవి పోతాయి. మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కండరాలు త్వరగా అలసి బలహీనపడే మయస్తీనియా గ్రావిస్ జబ్బు ఉన్నా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా, జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తున్నా ముందే డాక్టర్‌కు చెప్పాలి.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఖర్చు తక్కువని బ్యూటీ క్లినిక్‌లో చేయించకండి. నరాల వైద్యులు గానీ, అనుభవమున్న కంటి వైద్యులు గానీ చేయాలి. ఒక కంపెనీ మందు యూనిట్లు మరో కంపెనీ యూనిట్లతో సమానం కావు కాబట్టి వాడిన మందు పేరు, మోతాదు చీటీమీద రాయించుకోండి. రెండు వారాల తర్వాత ఒకసారి చూపిస్తే, ఏ కండరానికి మందు ఎక్కువైందో, దేనికి చాలలేదో చూసి తర్వాతి విడతకు మోతాదు సరిచేస్తారు.