ఉపవాసం ఆపు, మందు ఆపకు

ప్రభువునందు ప్రియమైన అమ్మలుకి, పెద్దమ్మ వందనాలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలిందనీ, ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారనీ, నువ్వు బెదరకుండా "ఎప్పుడు మొదలెడతారు సార్" అని అడిగావనీ. చెల్లి ఏడుస్తూ చెబుతుంటే నాకు మాత్రం గర్వంగానే అనిపించింది. తర్వాత మిగతాది చెప్పింది. స్కూలుకి సెలవు పెట్టవట. క్వయిర్ మానవట. శుక్రవారం ఉపవాస కూటం మానవట. సంఘంలో ఎవరికీ చెప్పవట, దేవుడికీ నాకూ తెలిస్తే చాలన్నావట. ఇక నాకు నిద్రెక్కడిది? అల్లుడు చూస్తే దుబాయ్‌లో ఉన్నాడు, పిల్లాడు చూస్తే ఐదో తరగతి. అందుకే తెల్లవారకముందే కూర్చుని రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. మంచి థర్మామీటరు కొను. కీమో ఎక్కించిన వారం నుంచి రెండు వారాల దాకా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4కి చేరిందంటే పారాసిటమాల్ వేసుకుని ముసుగు తన్ని పడుకోకు, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళు. డాక్టరుకి చెప్పకుండా ఏ పసరూ, ఏ కషాయమూ తాగకు. ప్రార్థన నూనె ఎవరైనా తెచ్చిస్తే నుదుట రాసుకో, కుట్ల మీద మాత్రం రాయనివ్వకు. ఆపరేషన్ అయ్యాక చేతికి నేర్పే వ్యాయామాలు నొప్పి అని మానెయ్యకు, భుజం పట్టేస్తుంది. జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. చర్చిలో ఎలాగూ కొంగు కప్పుకునేదే కదమ్మా.

ఉపవాసం సంగతి ఇంకోసారి అడగకు. కీమో జరిగినన్నాళ్ళూ నువ్వు ఉపవాసం ఉండటానికి వీల్లేదు. నీ బదులు నేనుంటాను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడి చచ్చిపోతానని ఏడిస్తే దేవదూత వాక్యం చెప్పలేదు, లేపి రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు. పడుకున్నాక మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. నువ్వూ గుడ్డు తిను, పప్పు తిను, వాంతయితే కాసేపాగి మళ్ళీ తిను.

ఇప్పుడు మీ తాతయ్య సంగతి. ఆయన గుండె జబ్బుతో పోయాడని నీకు చెప్పారు. కాదు. టీబీతో పోయాడు. ఆ రోజుల్లో ఆ పేరు చెబితే ఆడపిల్లలకి సంబంధాలు రావని మా అమ్మ అలా చెప్పించింది. మిషన్ బడిలో పంతులుగా ఉండగా దగ్గులో రక్తం పడింది. అప్పట్లో వైద్యం ఏడాది, ఏడాదిన్నర సాగేది. స్ట్రెప్టోమైసిన్ సూదులు, గుప్పెడు మాత్రలు. మూడు నెలలు తిరిగేసరికి దగ్గు పోయింది, ఒళ్ళు పట్టాడు, మళ్ళీ సైకిలెక్కి బడికెళ్ళాడు. అదే వేసవిలో ఊళ్ళో స్వస్థత కూటాలు పెట్టారు. వచ్చిన బోధకుడు దొంగ కాదు, నమ్మే చెప్పాడనుకుంటాను. "స్వస్థత పొందినవాడు ఇంకా మాత్ర మింగితే అది అవిశ్వాసం" అన్నాడు. నాన్న లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. మాత్రల డబ్బా ఆ రాత్రే కాలవలోకి విసిరేశాడు.

దగ్గు ఆగినంత మాత్రాన లోపలి క్రిములన్నీ చచ్చినట్టు కాదని ఆయనకెవరూ చెప్పలేదు. మధ్యలో ఆపితే మిగిలినవి పెరుగుతాయి, కొన్ని ఆ మందుకి లొంగకుండా మొండికేస్తాయి. మరుసటి వానాకాలానికి దగ్గు తిరగబెట్టింది. మళ్ళీ సూదులు వేయించాం, ఈసారి పట్టలేదు. అమ్మలూ, ఆయన్ని జబ్బు కంటే ఎక్కువగా కుంగదీసింది చూడ్డానికొచ్చినవాళ్ళ మాటలు. "నీ విశ్వాసంలో ఏదో లోపముంది పంతులూ, పరీక్షించుకో" అనేవాళ్ళు. మంచం మీద ఎముకల గూడులా ఉన్న మనిషి దాన్నే తవ్వుకుంటూ పడుకునేవాడు. ఒకరోజు నన్ను 88వ కీర్తన చదవమన్నాడు. అది స్తుతితో ముగియదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. నేను భయపడి ధైర్యం చెప్పే 23వ కీర్తనకి తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఇది కూడా దేవుడు బైబిల్లో ఉండనిచ్చిందే కదమ్మా" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏడవడానికి ఎవరం సిగ్గుపడలేదు. ఆయన విశ్వాసం లేక పోలేదు, మందు లేక పోయాడు. ఆ తేడా తెలుసుకోవాలనే నేను నర్సింగుకి వెళ్ళాను.

నీకూ ఇదే జరుగుతుందని నా భయం. రెండు మూడు కీమోలకి చేతికి గడ్డ తగలకుండా పోవచ్చు. "దేవుడు ముట్టాడు, ఇంకెందుకు ఆ విషం" అని ఎవరో ఒకరు ప్రేమగా అంటారు. ముట్టాడనే అనుకో, స్తోత్రం చెప్పు, చెప్పి తర్వాతి కీమోకి టైముకి వెళ్ళు. కంటికీ చేతికీ చిక్కని కణాలుంటాయి, వాటి కోసమే మిగతా మందంతా. జబ్బుపడ్డ హిజ్కియా రాజు ప్రార్థనకి దేవుడు జవాబిచ్చాడు, ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా ప్రవక్త ఏం చెప్పాడు? అంజూరపు పండ్ల ముద్ద పుండుకి కట్టమన్నాడు. అది చదివి కూడా మందుకీ విశ్వాసానికీ పోటీ పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

నేను వేలూరులో చదివేటప్పుడు డాక్టర్ మేరీ వర్గీస్ గారిని చూశాను. 1954లో వాహన ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని ఆమెకి కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఎంతమంది ప్రార్థించి ఉంటారో! 1986లో చనిపోయేదాకా ఆమె నడవలేదు. కానీ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల వంకరపోయిన వేళ్ళకి ఆపరేషన్లు చేసింది, అవయవాలు దెబ్బతిన్నవాళ్ళకి మళ్ళీ బతకడం నేర్పే విభాగాన్ని నడిపింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె కుర్చీ వరండాలోంచి వెళ్తుంటే మా ఆడపిల్లలం గోడకి అతుక్కుని చూసేవాళ్ళం. తన కుర్చీని ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. నువ్వెందుకే దాస్తావు?

సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలోకి ప్రభువు ఒంటరిగా వెళ్ళలేదు. ముగ్గురు శిష్యుల్ని వెంటబెట్టుకెళ్ళి, నా ప్రాణం దుఃఖంలో మునిగి ఉంది, నాతో మెలకువగా ఉండండని నోరు తెరిచి అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి. అడగడం తప్పనుకోలేదాయన. సంఘమంతటికీ మైకులో చెప్పమనను. పాస్టరమ్మకి చెప్పు, స్త్రీల సమాజంలో నోరు పారేసుకోని ఇద్దరికి చెప్పు. ఒకరు వంట, ఒకరు ఆసుపత్రికి తోడు. "ఏ పాపం చేశావో" అనే మనిషి వస్తే తలుపు దగ్గరే నీళ్ళిచ్చి పంపెయ్, లేకపోతే నాకు వదిలెయ్. పిల్లాడికి కూడా చెప్పు, వాడికి అర్థమయ్యే మాటల్లో. మా ఇంట్లో దాచిన జబ్బు మా తమ్ముణ్ణి ఎంతకాలం భయపెట్టిందో నాకు తెలుసు.

అల్లుడితో నేనే మాట్లాడతాను. స్కూల్లో సెలవు చీటీ ఈ సోమవారమే ఇవ్వు. నేను శనివారం రాత్రి బండికి వస్తున్నాను, మొదటి కీమో నాటికి అక్కడుంటాను. వద్దనకు, టికెట్ తీసేశాను. బయాప్సీ రిపోర్టు, స్కాను, రక్తపరీక్షలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచు. డాక్టరుగారిని అడగాల్సినవి కాగితం మీద రాసుకో, నేనూ రాసుకొస్తాను. ముందుగదిలో నాకో మంచం వేయించు, చాప మీద పడుకుని లేవడం ఇప్పుడు నావల్ల కాదు.

నీ పెద్దమ్మ