ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తే బతుకుదెరువు ఉంటుందా?

"నల్గొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది, ఇమ్యునాలజీ వైపు వెళ్తే కెరీర్ ఉంటుందా?" అని అడిగారు. ఇమ్యునాలజీ అంటే ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందో చదివే శాస్త్రం. నాదీ దేవరకొండ దిక్కే. పదకొండేళ్లుగా ఇదే పని. ఉంటుంది. కాకపోతే దీనికి పెద్ద తెలివి కావాలని అందరూ భయపెడతారు చూడండి, అదంతా ఉత్తదే. కావాల్సింది చేతి నిదానం.

2021లో నా పని ఇది: కోవిడ్ టీకా రెండో డోసు పడ్డ 28వ రోజున రక్తం తీసుకుని, టి కణాలు (రోగాలతో పోరాడే ఒకరకం తెల్లకణాలు) వైరస్‌ను గుర్తుపడుతున్నాయా లేదా చూడటం. షాద్‌నగర్ దిక్కునుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, ఆటో నడుపుతాడు. ఆయన 28వ రోజున సాయంత్రం అయిదింటికి ఆయన శాంపిల్ నా చేతికొచ్చింది. రక్తాన్ని పలచన చేసి, ఫికాల్ అనే ద్రవం మీద, ట్యూబు గోడవారగా మెల్లగా జారవిడవాలి. రెండూ కలవకూడదు. సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పే మెషీన్‌లో, అరగంట తిరిగాక అడుగున ఎర్రకణాలు, పైన పసుపుపచ్చ ప్లాస్మా, దాని కింద గంజి మీద కట్టినట్టు పలచటి తెల్ల పొర. టి కణాలు, బి కణాలు ఉండేది ఆ పొరలోనే. మా పనంతా దాంతోనే.

మెషీన్ ఆగేటప్పుడు బ్రేకు పడకూడదు. దానంతటది నెమ్మదించి ఆగాలి. నాకంటే ముందు వాడినవాళ్లు బ్రేకు ఆన్‌లో పెట్టి పోయారు. నేను చూసుకోలేదు. మూత తీస్తే పొర లేదు, ఎర్రటి తీగలు పైదాకా పాకి ఉన్నాయి. తప్పు వాళ్లదని ఆరోజంతా తిట్టుకున్నాను గానీ, మీట నొక్కింది నా వేలే.

28వ రోజు మళ్లీ రాదు. ప్రోటోకాల్‌లో రెండు రోజుల వెసులుబాటు ఉంది కాబట్టి బతికిపోయాను. ఆ పెద్దాయనకు ఫోన్ చేస్తే, "ఇయ్యాల ఇచ్చింది ఏం జేసిండ్రు సార్, అమ్ముకున్నరా?" అన్నాడు. జరిగింది చెప్పాను. "బ్రేకేస్తే ఖరాబయ్యే బండి నేనేడ జూడలే" అని నవ్వి, మర్నాడు పొద్దున్నే వచ్చి, ఒప్పుకోలు కాగితం మీద మళ్లీ సంతకం పెట్టి చెయ్యి చాపాడు.

ఆయన కణాలను వైరస్ ప్రొటీన్ ముక్కలతో కలిపి రాత్రంతా ఉంచితే, పొద్దున ప్లేటు మీద నీలి చుక్కలు వచ్చాయి. వైరస్‌ను గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ విడిచిన ఒక్కో కణానికి ఒక్కో చుక్క. ఆరు నెలలకు యాంటీబాడీలు బాగా పడిపోయినా ఆ చుక్కలు మిగిలే ఉన్నాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ రోజుల్లో మా చుట్టాలంతా యాంటీబాడీ రిపోర్టులు వాట్సాప్‌లో పంపి "తగ్గినయ్, ఏం జేయాలె?" అని అడిగేవాళ్లు. రక్తంలో ఐజీజీ అనే రకం యాంటీబాడీ మూడు వారాలకు సగమవుతుంది, దాని గుణమే అంత. యాంటీబాడీలను మళ్లీ తయారుచేయగల జ్ఞాపక కణాలు ఉన్నాయా లేవా అన్నది ఆ కాగితం మీద కనపడదు. ఒక్క నంబరు చూపించి జనాన్ని భయపెట్టి డబ్బులు గుంజారు, అంతే.

డబ్బు సంగతికొస్తే, నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. కాగితం మీద. బ్యాంకులో పడేది ఎప్పుడో అడగొద్దు, నాకోసారి అయిదు నెలలు ఆగింది, అద్దె మా బామ్మర్ది కట్టాడు. పైగా ఊళ్లో "డాక్టరేట్ అంటే ఏ దవఖానల?" అని అడుగుతారు. మోకాళ్ల నొప్పులకు మందు చెప్పలేకపోతే మీ చదువు మీద నమ్మకం పోతుంది. మా పెద్దమ్మకు ఇప్పటికీ నేను ఫెయిలైన డాక్టర్నే.

పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, ఢిల్లీలో ఎన్ఐఐ అనే ఇమ్యునాలజీ సంస్థ ఉంది. ఆ తర్వాత హైదరాబాద్ పక్కనున్న జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీల గేట్లు తట్టొచ్చు. ఎక్కడైనా సరే, గైడు పేపర్లు ఎన్ని అచ్చయ్యాయో తర్వాత చూసుకోండి. ఇంటర్వ్యూకి పోయిన రోజు సెంట్రిఫ్యూజ్ పక్కన లాగ్‌బుక్, అంటే మెషీన్ ఎవరు ఎలా వాడారో రాసే పుస్తకం, ఉందేమో చూడండి. ఉంటే తెరవండి. నిన్నటి తేదీతో ఎవరైనా ఏమైనా రాసి ఉంటే చేరిపోండి.